గాలిమోటారుకు గంధం

దసరా అయిన వారానికి అత్తా నేనూ ధర్మవరం పోయి, బంధువుల పెళ్లికి చీరలు తీసుకుని కారులో హిందూపురం తిరిగి వస్తున్నాం. అత్త అంటే మా మేనమామ భార్య. మామ పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటోంది. అంగడిలో చీరలు గుట్టలుగా పరిచి చూపించినా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ‘నీకు నచ్చితే సరే’ అంది, అంతే. ఆమెకు నచ్చడం, నచ్చకపోవడం అనే పనులు మానేసి చాలాకాలమైంది. నాకూ ఇంచుమించు అంతే గాబట్టి ఇద్దరికీ బాగానే జరిగిపోతోంది. పెనుకొండ దగ్గర హైవే ఎక్కాక కాఫీకి ఆపమంటారా అని డ్రైవరు అడిగాడు. ఇంకాస్త ముందుకు పోయి తాగుదామన్నాను. ఎందుకంటే రోడ్డు పక్కన తెల్లటి విమానం ఒకటి కనబడుతోంది, అది ఏ విమానమో నాకు తెలుసు. అత్త కునుకు తీస్తోందనుకున్నాను. తీయడం లేదు. “ఆపప్పా, ఈడనే తాగుదాం” అంది.

విమానాన్ని సిమెంటు దిమ్మెల మీద ఎక్కించి హోటలు చేశారు. కడుపులో ఏసీ పెట్టి బల్లలు వేశారు. ఒక రెక్క కింద పిల్లల ఉయ్యాలలు, రెండో రెక్క కింద చెరుకురసం బండి. రెక్కల ముందున్న పంఖాలు తిరక్కుండా ఇనుపపట్టీలు వేసి బిగించి, వాటి చుట్టూ పచ్చలైట్లు తగిలించారు. ముక్కు దగ్గర ఫోటోలు దిగేవాళ్ల కోసం ఇనుప మెట్లు, చిన్న అరుగు. లోపల గోడమీద ‘రన్‌వే దోసె’, ‘పైలట్ పొంగలి’ అని రాసి ఉంది. చూసి ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. మెట్లెక్కి కూర్చుని రెండు కాఫీలు చెప్పాను.

ఆ విమానం మాది. చెబితే ఎవరూ నమ్మరు, నమ్మించే ఓపిక నాకు లేదు గనక ఎవరికీ చెప్పను. మా మామ అసలు బస్సుల మనిషి. హిందూపురం నుంచి లేపాక్షికి, మడకశిరకు, పెనుకొండకు ఆయన బస్సులు తిరిగేవి. ఒకసారి బస్సు టైర్ల కోసం బెంగుళూరు పోయి, అక్కడ పాత విమానాలు వేలం వేస్తున్నారని ఎవరో చెబితే చూసొద్దామని పోయి, రెండు విమానాలు కొనుక్కుని వచ్చాడు. టైర్లు కూడా తెచ్చాడు. మా ఊళ్లో ఏదో ఒకచోట సరిగ్గా పనిచేయని ఏ బండినైనా డకోటా బండి అనే వెక్కిరిస్తారు. మామ కొన్నవి నిజంగానే డకోటా విమానాలు. ఎప్పుడో పెద్ద యుద్ధం కోసం చేసినవి, మామ కంటే వయసులో పెద్దవి. ‘ఏమబ్బా, ఇంట్లో ఉండే డకోటాలు చాలవా’ అని బస్టాండులో అందరూ ఆడిపోసుకున్నారు. మామ నవ్వి ఊరుకున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. ఏదైనా తలకెక్కితే దాన్ని చేసేదాకా ఆయనకు అన్నం సహించదు, చేశాక కూడా దాని గురించి మాట్లాడడు.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే వైపు, పూర్వం ఎవరో పొలాలకు మందు చల్లే విమానాల కోసం చదును చేసిన నేల ఉండేది. చుట్టూ వేరుశనగ చేలు. దాన్ని కౌలుకు తీసుకుని, గుంతలు పూడ్పించి, రేకుల షెడ్డు వేయించాడు. రెండు విమానాల్లో ఒకదాన్ని విప్పి దాని సామానుతో రెండోదాన్ని బాగుచేయించాడు. విప్పింది షెడ్డు వెనక కళ్లు లేని గొడ్డులా పడి ఉండేది. ఎగిరేది ఒక్కటే. అయినా కాగితాల మీద మాది రెండు విమానాల కంపెనీ. అడిగినవాళ్లకు అడిగిన చోటికి బాడుగకు తిప్పే కంపెనీ. దానికి మామ తన తల్లి పేరు, అంటే మా అవ్వ పేరు పెట్టాడు. అవ్వకు విమానమంటే ఏమిటో చివరిదాకా సరిగ్గా తెలియదు. గాలిమోటారు అనేది. డిగ్రీ అయి ఇంట్లో ఊరికే ఉన్న నన్ను తీసుకుపోయి మామ బుకింగు గదిలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలోనే నా వయసంతా అయిపోతుందని అనుకున్నాను. అలా జరిగినా బాధపడేదాన్ని కాదు.

బస్సులు నడిపిన చెయ్యి గనక విమానాన్నీ బస్సులాగే నడిపాడు. తలుపు మీద తెలుగులో ‘శుభప్రయాణం’ అని రాయించాడు. అందరూ ఎక్కాక కింద క్లీనరు విమానం ఒంటి మీద రెండు దెబ్బలు చరిచి ‘రైట్’ అనేవాడు. మా పైలటు సైన్యంలో పనిచేసి రిటైరయిన బెంగుళూరు మనిషి. అందరం కెప్టెన్ సారు అనేవాళ్లం. మొదట్లో ఆ దెబ్బలకు ఆయన ఒళ్లు మండిపోయేది. కొన్నాళ్లకు ఆ రెండు దెబ్బలు వినబడకపోతే తిరిగి చూసేంత అలవాటు పడ్డాడు. ఆ విమానం నిలబడితే తోక నేల మీద ఉండి ముక్కు పైకి ఉంటుంది. తలుపు వెనకవైపు. ముందుసీటు కావాలంటే లోపల కొండ ఎక్కాల్సిందే. పలుకుబడి ఉన్న పెద్దమనుషులు మొదట ముందుసీటే కావాలని పట్టుబట్టి, సగం ఎక్కి, మోకాళ్లు పట్టుకుని వెనక్కు వచ్చేవాళ్లు. అత్త ధర్మవరం మగ్గాల్లో తప్పుపడిన చీరలు తెప్పించి కిటికీలకు తెరలు కుట్టింది. జరీ అంచు తెరలు. ఒకసారి ఎక్కిన ఆవిడ ఒకరు ఆ తెర పట్టుకుని చూసి, ఈ బుటా మా ఇంట్లో నేసిందే అని గుర్తుపట్టి, దిగేదాకా ఆ తెరనే చూస్తూ కూర్చుంది.

తిరుపతి మొక్కులకు ఎక్కేవాళ్లు, పెళ్లిళ్లకు ఎక్కేవాళ్లు. ఉత్తపుణ్యానికి పెనుకొండ కోట చుట్టూ, లేపాక్షి మీదుగా ఒక చుట్టు తిరిగి రావడానికి కూడా జనం వచ్చేవాళ్లు. పైనుంచి తమ చేను కనబడితే చాలు, దిగాక ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఒక రామగిరి రైతు మాత్రం పైనుంచి చూస్తే తన చేను మరీ చిన్నగా ఉందని మనసు కష్టపెట్టుకున్నాడు. తెల్లదొరలు కూడా వచ్చేవాళ్లు. మనవాళ్లేమో కొత్త విమానం ఎప్పుడు తెస్తారని అడిగేవాళ్లు. దొరలు ఈ పాతదాని కోసమే దేశాలు దాటి వచ్చి, దాని రేకును ప్రేమగా నిమిరి ఫోటోలు తీసుకునేవాళ్లు. అత్త ఒక్కతే ఎన్నడూ ఎక్కలేదు. ‘అది ఎగరల్ల, నేను మొక్కల్ల, ఎవరి పని వాళ్లది’ అనేది. వచ్చినవాళ్లందరికీ షెడ్డు పక్కన రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టేది. దొరలకు కూడా అదే పెట్టేది. వాళ్లు సంగటి నమిలే తీరు చూసి, ఇది మింగేదే గాని నమిలేది కాదని సైగలతో నేర్పేది. ఆ రోజుల్లో ఆమె బాగా నవ్వేది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే వేరే ఎవరి గురించో రాస్తున్నట్టుంది.

ఇక ఆయుధపూజ. బస్సులున్న ఇల్లు, దానికి తోడు విమానం. మా ఇంట్లో ఆ పండగను మించిన పండగ లేదు. ఆ చివరి ఏడు కూడా అందరం షెడ్డు దగ్గర చేరాం. విమానం కడిగి, పంఖాలకు బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టారు. నేను బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి కాగితం పొట్లాలు కడుతున్నాను. అత్త పట్టుచీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెన ఎక్కి ముక్కుకు బొట్లు పెడుతోంది. విమానం ముక్కు కింద రెండు చిన్న గొట్టాలు ముందుకు చాచుకుని ఉంటాయి. ఎదురుగాలి వాటిలోకి కొట్టాలి. ఆ కొట్టిన దాన్ని బట్టి లోపల పైలటు ముందున్న సూది వేగం ఎంతో చెబుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. అత్తకైతే అవి విమానం ముక్కుపుటాలు. మూతి, ముక్కు, కళ్లు ఉన్నదానికి పుటాలు మాత్రం వదిలేస్తామా అని వాటికీ గంధం పెట్టింది. అంతకుముందు ఏడు పెట్టిన గంధం ఎండకు రాలిపోయిందని ఈసారి పసుపుతో పాటు బియ్యప్పిండి కూడా కలిపి గట్టిగా చేసింది. మూతుల దాకా మెత్తింది, మధ్యలో కుంకుమ అద్దింది. ఆ గొట్టాలకు దుమ్ము పోకుండా ఎర్రగుడ్డ తొడుగులు ఉంటాయి. అవి జిడ్డుపట్టి ఉన్నాయని తీసి, ఉతికి, షెడ్డు పక్కన తీగమీద ఆరేసింది. ఇదంతా అందరం చూశాం. చక్కగా ఉందనే అనుకున్నాం.

మరుసటి రోజు ధర్మవరం వ్యాపారి కుటుంబం మనవడి పుట్టెంట్రుకలకు తిరుపతి పోవాలి. బయలుదేరే ముందు చుట్టూ తిరిగి చూసుకునే పని మా మెకానిక్కుది. గాండ్లపెంట మనిషి, నెమ్మదస్తుడు. ఎర్ర తొడుగులు కనబడితే తీయాలి, కనబడకపోతే ముందే ఎవరో తీసినట్టు. ఆ రోజు కనబడలేదు. గంధం కనబడింది. కానీ మావైపు పెట్టిన పూజబొట్టును ఎవరూ తుడవరు. తనంతట తాను రాలిపోవాల్సిందే. అందులోనూ యజమాని ఇల్లాలు పెట్టింది. ఆయన నిచ్చెన ఎక్కి, గొట్టాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని దిగాడు. క్లీనరు రెండు దెబ్బలు చరిచాడు. విమానం కదిలింది. తోక లేచింది. తోక లేచిన తర్వాత చక్రాలు కూడా లేవాలి. కానీ అది నేల మీదనే పోయి, పోయి, రన్‌వే దాటి, చేని గట్టు ఎక్కి, వేరుశనగలో ముక్కు పొడుచుకుని ఆగింది. చప్పుడు నేననుకున్నంత పెద్దగా రాలేదు. వేగం సూది సున్నా దగ్గర నుంచి కదలకపోవడం కెప్టెన్ సారు గమనించేసరికి సగం నేల అయిపోయింది. ఎంత వేగంలో ఉన్నాడో తెలియక ఎగరలేక, ఆపబోతే నేల చాలలేదు. ఎవరూ పోలేదు. వ్యాపారి తల్లికి చెయ్యి విరిగింది. పిల్లవాడు మాత్రం బాగా నవ్వుతూ దిగాడు, ఇంకోసారి పోదామన్నాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి చూస్తే వంగిపోయిన పంఖాలకు కాయలతో సహా వేరుశనగ చెట్లు వేలాడుతున్నాయి. వెనక్కు తిరిగితే తీగమీద ఆ రెండు ఎర్రగుడ్డలు గాలికి ఊగుతున్నాయి. అప్పుడు నాకు ఏడుపు రావాలి. రాలేదు. అప్పటినుంచే రాలేదేమో.

కొద్దిరోజులకు విమానాల ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు వచ్చి గొట్టాలు విప్పించారు. లోపల గంధం సున్నంలా బిగిసి ఉంది. షెడ్డు కింద కుర్చీలు వేసి అందరినీ నిలబెట్టి ఎవరు పెట్టారని అడిగారు. ఆ రోజు బొరుగులు తిన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు. అందరూ నేల చూస్తున్నారు. అధికారుల్లో పెద్దాయన మంచివాడే. మామను పక్కకు పిలిచి, మెకానిక్కు చూసుకోకపోవడం వల్ల జరిగిందని రాస్తామన్నాడు. అలా రాస్తే అతని లైసెన్సు పోతుంది, కంపెనీ కొన్నాళ్లు ఆగి మళ్లీ నడుస్తుంది. కంపెనీలో పనిచేయని మనిషి ఎవరో ఎక్కి పెట్టారన్నా ఫరవాలేదు, ఆ మనిషి పేరు రాసుకుంటారు, పేపర్లలో వస్తుంది. యజమానే తన చేత్తో చేశాడంటే మాత్రం ఇక పర్మిటు ఉండదు. ఆయన మెల్లగానే చెప్పాడు గాని రేకుల షెడ్డు, అందరికీ వినబడింది. మెకానిక్కు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్త కాఫీ లోటాల పళ్లెంతో వస్తూ ఆగిపోయింది. ఆమె పెదవులు కదలడం నేను చూశాను. మామ కూడా చూశాడు.

“నేనే పెట్టినా సార్. నా బండికి నేనే పెట్టుకుంటి” అన్నాడు మామ. తర్వాత అత్తవైపు తిరిగి, “నిలబడినావేమి? కాఫీ చల్లారిపోతాంది, సార్లకియ్యి” అన్నాడు.

అత్త ఇచ్చింది. అధికారులు తాగారు. రాసుకున్న దాని కింద మామ సంతకం చేశాడు. అంతటితో మా విమానాల కంపెనీ అయిపోయింది. పొద్దున ఉన్నది మధ్యాహ్నానికి లేదు. అన్నాలవేళ అయిందని అందరం కూర్చుని సంగటి తిన్నాం.

ఆ తర్వాత మామ మళ్లీ బస్సులు చూసుకున్నాడు. మెకానిక్కు వేరేచోట పనికి కుదిరి, ప్రతి ఉగాదికీ వచ్చి మామ కాళ్లకు మొక్కి పోయేవాడు. విమానం చాలా ఏళ్లు ఆ చేని అంచునే పడి ఉంది. దాని రెక్కల నీడన మేకలు పడుకునేవి. మామ ఒక్కసారి కూడా అటు పోలేదు, ఆ దారిన పోయే బస్సులో కూడా కిటికీ పక్కన కూర్చోలేదు. అత్తను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది. తిట్టి ఉంటే ఆమె ఏడ్చేది, ఏడిస్తే ఆ మాట నోట్లోంచి బయటపడేది. ఆయన మంచితనం ఆమె నోరు నొక్కేసింది. నేను మాత్రం ఏం తక్కువ, అన్నీ తెలిసి కూడా ఏ ప్రస్తావనా తేలేదు, మా ఇంటి పద్ధతి అట్లా కుదిరిపోయింది. అత్త ఇంట్లో గంధం సాన ఎత్తి అటక మీద పెట్టేసింది. దేవుళ్లకు కుంకుమ ఒక్కటే. ఆయుధపూజ నాడు మిక్సీకి కూడా బొట్టు పెట్టలేదు. మామ పోయిన రోజున, సాగనంపే ముందు ఒంటికి గంధం రాయమని పెద్దలు గిన్నె చేతికిస్తే, ఆమె తీసుకోలేదు. గిన్నె నావైపు జరిపింది. మొగుడి శవాన్ని ముట్టుకోలేదు చూడు, గుండె రాయి చేసుకుంది అని వచ్చినవాళ్లు గుసగుసలాడారు. గంధం నేనే రాశాను. నాకు ఆ రోజు కూడా ఏమీ అనిపించలేదు. మామ నుదురు చల్లగా ఉందనుకున్నాను, అంతే.

మామ పోయాక హోటలువాళ్లు కొని హైవే పక్కకు తెచ్చుకున్న ఆ విమానంలో ఇప్పుడు నేల కొండలా లేదు, సిమెంటు దిమ్మెల మీద సమంగా ఉంది. ముందుసీటుదాకా ముసలివాళ్లు కూడా పోవచ్చు. కిటికీలకు ప్లాస్టిక్ తెరలు. తలుపు మీద కొత్తరంగు కింద ‘శుభ’ వరకు ఉబ్బెత్తుగా తెలుస్తోంది. కాఫీ వచ్చింది. అత్త తన గ్లాసు ముట్టుకోకుండా లేచి కిందికి దిగింది, చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాను. ఎంతకూ రాకపోతే నేనూ దిగాను. ఆమె ఫోటోల అరుగు మీద ముక్కుకు ఎదురుగా నిలబడి ఉంది. దసరాకు హోటలు వాళ్లు కూడా పూజ చేసినట్టున్నారు. ముక్కు నిండా విభూతిరేఖలు, ఎండిన బంతిదండ. కింద ఆ రెండు గొట్టాలు అట్లాగే ఉన్నాయి. వాటి మూతుల నిండా గంధం, మధ్యలో కుంకుమ.

అత్త చేతిలో నీళ్లసీసా ఉంది. కొంగు తడిపి గొట్టం తుడవడం మొదలుపెట్టింది. పైది పోయాక మూతిలోకి వేలు పెట్టి, లోపల గట్టిపడినదాన్ని గోటితో గీకి తీస్తోంది. ఒకటి అయ్యాక రెండోది. ఆమెకు తొందర లేదు. సర్వరు ఒకడు చూసి గబగబా వచ్చాడు. “అవ్వా, అది పూజ బొట్టు. తుడ్చగూడదు. మా ఓనరు చూస్తే అరుస్తాడు” అన్నాడు.

“దానికి ఊపిరాడల్ల గదప్పా” అంది అత్త, తుడుస్తూనే. అతనివైపు తిరగకుండానే, “అప్పుడు పెట్టింది నేనే. మా ఆయన కాదు” అంది.

సర్వరుకు ఏమీ అర్థం కాలేదు. ఈ విమానం ఎప్పుడైనా ఎగిరిందని కూడా అతనికి తెలిసి ఉండదు. ముసలావిడ, ఎండలో నిలబడి ఉంది, ఏదో అంటోంది అనుకున్నాడు. “సరేలే అవ్వా, లోపలికి రా. నీ కాఫీ చల్లారిపోతాంది” అన్నాడు.

అత్త చెయ్యి ఆగింది. గొట్టాన్ని పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను మెట్లెక్కి పక్కన నిలబడ్డాను, భుజం మీద చెయ్యి వేయాలని తోచలేదు. కాసేపటికి ఆమె రెండు గొట్టాల్లోకీ వంగి ఒక్కోసారి నోటితో ఊది, మెట్లు దిగి, లోపలికి పోయి ఆ చల్లారిన కాఫీ మొత్తం తాగింది. ఆమె కొంగున గంధం మరక. ఇంటికొచ్చాక ఆ చీర ఉతకడానికి వేస్తుందనుకున్నాను, మడిచి బీరువాలో పెట్టింది.

విమానం చేలోకి దూసుకుపోయిన రోజున మా ఇంట్లో అన్నీ ఆగిపోయాయని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ రోజు కెప్టెన్ సారు ముందు సూది కూడా సున్నా మీదనే ఉంది, కానీ కింద నేల మాత్రం అయిపోతూనే ఉండింది.